బ్యాటరీ గదిలో అడ్డపొగ

మా నాయనమ్మను మేం మామ్మ అనేవాళ్లం. ఆవిడ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు నోటి లోపల ఉంటుంది, పైకి కనబడేది మామూలు కొసే. అందుకే ఆవిడను బ్యాటరీ గది గడప దాటనిచ్చేవాళ్లం కాదు.

నరసన్నపేటలో మా ఇంటి ముందు గదే మా ఛార్జింగ్ దుకాణం. నేనూ చిన్నాన్నా నడిపేవాళ్లం. ఆ ఏడు తుపానుకి కరెంటు పోయి ఊళ్లో సెల్‌ఫోన్లన్నీ చచ్చాయి. వాటికి ఎక్కించుకుందామని జనం ట్రాక్టర్ బ్యాటరీలు ఊడదీసి, ఛార్జింగ్‌కి మా జనరేటర్ దగ్గర పడేశారు. జల్లు కొడుతోందని గది తలుపులు మూసేశాం.

బ్యాటరీలో ఆసిడ్ నీళ్లు, సీసం ప్లేట్లు ఉంటాయి. వాడేటప్పుడు ఆసిడ్ ప్లేట్లను పట్టుకుంటుంది, కరెంటు పుట్టేది అందులోంచే. ఛార్జింగ్ అంటే కరెంటును ఎదురు తోసి ఆ ఆసిడ్‌ను మళ్లీ నీళ్లలోకి రప్పించడం. నిండాక కూడా తోస్తూ ఉంటే నీళ్లే విడిపోయి గ్యాసవుతాయి. అది పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ రోజు ఒక బ్యాటరీ బుడబుడమని పొంగుతోంది.

"తీసెయ్ సిన్నాన్నా, పేల్తాది" అన్నాను.

"ఇంకాసేపుంటే ఏటౌద్ది? నాకు సెప్పొచ్చినావా?" అని కాలర్ పట్టుకున్నాడు. నాకూ ఒళ్లు మండింది. ఒక్క తోపు తోశాను. వెళ్లి గోడకు గుద్దుకున్నాడు.

ఆ చప్పుడుకి మామ్మ లోపలికి దూసుకొచ్చింది. "ఒరే, కొట్టుకు సత్తారేట్రా!" అని అరవడానికి నోట్లో చుట్ట బయటికి తీసింది.

గది దద్దరిల్లింది. బ్యాటరీ పై మూత ముక్కలై ఎగిరింది. ఆసిడ్ మామ్మ మొహం మీద చిమ్మింది.

ఆవిడను వాకిట్లో నీళ్ల గోలెం దగ్గరికి ఈడ్చుకుపోయాను. రెప్పలు వేళ్లతో బలవంతంగా విప్పి కళ్లలో చెంబుతో నీళ్లు పోస్తున్నాను. మామ్మ నన్ను రక్కింది, కరిచింది. "సంపేత్తన్నాడర్రో!" అని కేకలు.

"ఆసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదని నేనే కదరా నీకు నేర్పినాను! కళ్లు ఉడికిపోతాయిరా!" అంటూ చిన్నాన్న నా కంటి మీద గుద్దాడు. దుకాణంలో ఆసిడ్ కలిపేటప్పుడు ఆ మాట నిజమే. ఒంటి మీద పడ్డాక మాత్రం నీళ్లే దిక్కు. అదంతా విడమర్చి చెప్పే తీరికెక్కడిది? ఆయన తంతున్నాడు, నేను పోస్తున్నాను. చివరికి మోచేత్తో ఆయన ముక్కు మీద ఒక్కటిచ్చాను. రక్తం కారుతుంటే అక్కడే కూలబడ్డాడు. ఆటో వచ్చేదాకా నేను చెంబు వదల్లేదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో మామ్మ కళ్ల కట్లు విప్పే రోజున నేను మంచం పక్కనే నిలబడ్డాను. ఆ కళ్లు పోతే చిన్నాన్న మాటే నిజమవుతుంది. మా మామ్మను గుడ్డిదాన్ని చేసింది నేనే అవుతాను.

మామ్మ రెప్పలు మెల్లగా తెరిచింది. ఎర్రటి కళ్లు నా మొహం మీద ఆగాయి.

"నీ కన్నేట్రా అలగ వాసిపోనాది? ఎవుడు కొట్నాడు?"

నేను భోరుమన్నాను. నా వెనకాల ముక్కుకి ప్లాస్టర్‌తో నిలబడ్డ చిన్నాన్న మెల్లగా తలుపు వైపు జరిగాడు. మామ్మ ఆయన్నీ చూసింది. మంచం కింద చెప్పు కోసం చెయ్యి చాపింది.