నాలుగో చరణం

శుక్రవారం హారతి పాటను మా ఆవిడ మూడో చరణం దాకా బాగానే పాడేది. ఆ తర్వాత గంట వాయించేసేది. నాలుగోది రాదు. పాట నేర్పిన మా అత్తగారు అంతవరకే నేర్పి కాలం చేశారు. "అమ్మ పాట నా దగ్గర సగంల తెగిపోయింది" అని ఆవిడ కళ్ళు తుడుచుకోని శుక్రవారం లేదు. నాంపల్లిలో మా వాటా చిన్నది, గంట పెద్దది. శుక్రవారం మా నైజాం సర్కారు దఫ్తరుకు సెలవు కాబట్టి నాకు తప్పించుకునే దారి ఉండేది కాదు.

నా చదువంతా ఉర్దూలో సాగింది. ఇంట్లో పొద్దస్తమానం మాట్లాడే తెలుగును చదవమంటే మాత్రం చెమటలు పట్టేవి. ఆ రోజుల్లో మావంటి వాళ్ళు చాలామందే.

ఒక సాయంత్రం ఆబిడ్స్‌లో పాత పుస్తకాల దుకాణంలో ఉర్దూ అక్షరాల చిన్న పుస్తకం కనబడింది. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, అత్తరు పూసి, పై అరలో పెట్టారు.

"ఏం కితాబు ఇది?"

"ఏమో సాబ్. ఎవ్వరికీ సమజ్ కాలే. గందుకే పవిత్రమైంది అనుకున్న" అన్నాడు దుకాణదారు.

తెరిచాను. ఉర్దూ కాదు, ఫారసీ కాదు. విసుగొచ్చి పైకి చదివాను. నా నోట్లోంచి రాముడు వచ్చాడు! అన్నీ తెలుగు పాటలు, ఉర్దూ అక్షరాల్లో. తెలుగు చదవరాని తెలుగు భక్తుల కోసం వేయించామని మొదటి పేజీలోనే ఉంది. మా తాతల నాటి రాతి అచ్చు. నా బోటివాడి కోసం నేను పుట్టకముందే ఎవరో ఇంత శ్రమపడ్డారు. ఈ ఊళ్ళో అప్పట్లో తెలుగు పుస్తకమే లేదని సభల్లో ఊదరగొట్టే పెద్దలు ఏ అలమరలు వెతికారో మరి!

మధ్యలో మా ఆవిడ హారతి పాట ఉంది. నాలుగు చరణాలు.

ఇంటికొచ్చి చదివి వినిపించాను. మూడూ పొల్లుపోలేదు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నాలుగోది కళ్ళతో చూసి ఆగిపోయాను. ఆవిడ మడి సంగతి నాకు తెలియనిదా? చాకలామె మూటను గడప బయటే దించాలి. నీళ్ళు చల్లందే ఆ బట్టలు లోపలికి రావు.

"చాలు తీయి, అన్నం పెట్టు."

"చదువుండ్రి."

చదివాను.

"ఊరి మైల నేనుతికితి, మడి వాళ్ళు కట్టిరి
చాకలిదాన్ని రామయ్య, గడప బయటే మంగళం."

నాకు భయమేసింది.

"అమ్మకు యాళ్ళ సాలక కాదు. చాకలామె పాటని ఎరుకైతదని అమ్మే ఆపింది" అంది. "కన్నబిడ్డను, నాకు గూడ చెప్పలే సూడుండ్రి." గట్టిగానే ఏడ్చింది.

శుక్రవారం వచ్చింది. మూడో చరణం అయింది. ఆవిడ చెయ్యి గంట మీదికి పోయింది. నేను చెవులు మూసుకోబోయాను. గంట మోగలేదు. తలుపు వైపు చూస్తూ నాలుగో చరణం పాడింది.

మధ్యాహ్నం చాకలామె వచ్చి మూట దించబోతుంటే, మా ఆవిడ గడప దాటి వెళ్ళి రెండు చేతులతో అందుకుంది. చాకలామె బెదిరిపోయింది. నేనూ బెదిరాను. ఆ తర్వాత మా ఆవిడ మళ్ళీ స్నానానికి పోయింది. ఎంతైనా అలవాటు. నీళ్ళు పోసుకుంటూ ఆ నాలుగో చరణమే పాడింది.