అవ్వకు నచ్చిన అర నిమిషం

కరీంనగర్‌లో డిగ్రీ చదివే రోజుల్లో నాకు సినిమాల గురించి చాలా తెలుసని నమ్మకం ఉండేది. మా కాలేజీ లెక్చరర్లు నలుగురైదుగురు కలిసి ఆదివారం పొద్దున ఒక హాలు అద్దెకు తీసుకుని వేరే భాషల సినిమాలు వేసేవారు. పాటలుండవు, ఫైట్లుండవు. చూశాక అక్కడే కూర్చుని చర్చ. నేనొక నోటుబుక్కు పెట్టుకున్నాను. కథకు ఇన్ని, ఫొటోగ్రఫీకి ఇన్ని, నటనకు ఇన్ని అని నూటికి మార్కులు వేసేదాన్ని. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి ఏ సినిమాకు పోయినా కళ్లు వాచేలా ఏడ్చి వచ్చేది. ఆమెను చూస్తే నాకు జాలి. ఏడిపించడం చాలా తేలిక, మంచి సినిమా ఆ పని చేయదు అని ఆమెకు పాఠం చెప్పేదాన్ని.

ఎనభైల మధ్యలో ఒక ఎండాకాలం సెలవులకు శ్రీరాంపూర్ వచ్చాను. మాకు అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న. బాపు అక్కడి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మాది గని కంపెనీ క్వార్టరు, రెండు గదులు. ఆ వారమే మంచిర్యాలలో ఒక కొత్త సినిమా పడింది. బొగ్గుబాయి కథట. కాలనీ కాలనీ అంతా దాని గురించే మాట. మా బతుకును తెర మీద ఎవరైనా చూపించడం అదే మొదటిసారి. నాకు పోవాలని లేదు. పోస్టర్ మీద హీరో పట్టాల మీద దొర్లుకొచ్చే బొగ్గు టబ్బును ఒంటి చేత్తో ఆపుతున్నాడు. అది చాలు నాకు, లోపల ఏముంటుందో తెలిసిపోయింది.

"మా బాయిని ఎట్ల తీసిండ్రో చూద్దాం పా బిడ్డా," అన్నాడు బాపు. ఆదివారం మ్యాట్నీకి బాపు, అవ్వ, నేను ముగ్గురం బస్సెక్కాం.

హాల్లో సగానికి పైగా బాయి మనుషులే. హీరో తెల్లచొక్కాతో బాయి లోపలికి దిగి పావుగంటకు అదే తెల్లచొక్కాతో పైకి వచ్చాడు. నవ్వులు మొదలయ్యాయి. ఆ తర్వాత లోపల ఒక బండ మీద కూర్చుని అగ్గిపుల్ల గీసి బీడీ ముట్టించాడు. బాయిలో మండే గాలి ఉంటుంది. దిగేముందు ఒళ్లంతా తడిమి చూస్తారు. అగ్గిపెట్టె దొరికితే ఉద్యోగమే పోతుంది. మా ముందు వరుసలో ఒకాయన లేచి నిలబడి అరిచాడు.

"ఓరి వీని! ముందు గీన్ని పట్టుకోండ్రిరా, అందర్నీ సంపుతడు!"

హాలు దద్దరిల్లింది. బాపు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. నేనైతే తప్పులన్నీ మనసులో రాసుకుంటూ ఉన్నాను.

తర్వాత లోపల కప్పు కూలే సీను వచ్చింది. పెద్ద శబ్దం, దుమ్ము, అరుపులు. ఆడవాళ్లు బాయి గేటు దగ్గరికి ఉరుకుతారు. వాళ్లలో హీరో అన్న భార్య ఒకామె. చిన్న వేషం, ఆ నటి పేరు కూడా ఎవరికీ తెలియదు. ఆమె రొట్టెల పిండి పిసుకుతున్న చేతులతోనే ఉరికి వచ్చింది. అందరూ ఏడుస్తుంటే ఆమె ఏడవలేదు. గేటు వైపే చూస్తూ, వేళ్లకు ఎండిపోయిన పిండిని గోటితో గీకుతూ నిలబడింది. అర నిమిషం కూడా ఉండదు. నేను గమనించింది ఒక్కటే, హాల్లో నవ్వులు ఆగిపోయాయని. తర్వాత హీరో అందరినీ ఒక్కడే మోసుకొచ్చాడు. ఆ వెంటనే పాట.

ఇంటికి వచ్చేదాకా బస్సులో బాపు, తోటి మనుషులు తప్పులు ఏకరువు పెడుతూనే ఉన్నారు.  ఇంటికొచ్చాక అవ్వ చాయ్ పెట్టి మా ఇద్దరికీ ఇచ్చింది.

"నూటికి ఇరవై మార్కులు, అవి గూడ ఎక్కువే," అన్నాను నేను.

"మంచిగుంది సిన్మా," అంది అవ్వ.

"ఏం మంచిగుందవ్వా? ఒక్కటన్నా నిజముందా అందుల?"

"ఆమె పిండి గీకింది సూడు, గది నిజం. నేను గూడ గట్లనే నిలబడ్డ."

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పుడే?"

"బిడ్డ తొమ్మిదో తరగతి అప్పుడు. మీ బాయిల కప్పు కూలిందని పక్కింటామె వచ్చి చెప్పింది. రొట్టెలకు పిండి పిసుకుతున్న. గట్లనే ఉరికిన, చెప్పులు గూడ తొడుక్కోలే. గేటుకాడ ఒకామె నీళ్లిచ్చి చేతులు కడుక్కోమన్నది. కడుక్కోలే. కడుక్కుంటే నువ్వు రావేమోనని బుగులైంది."

ఆ రోజు కప్పు కొంచెం కూలిన మాట నిజమే. ఎవరికీ దెబ్బ తగలలేదు. దారి మూసుకుపోతే బాపు వాళ్లు వేరే దారిన చుట్టు తిరిగి నడిచి వచ్చారు. ఆ సంగతి బాపు మాకు ఎన్నోసార్లు చెప్పాడు, అదొక తమాషాలాగే చెప్పేవాడు. నాకు గుర్తున్నదల్లా ఆ పొద్దు రొట్టెలు ఆలస్యమయ్యాయని, ఆకలికి నేను అవ్వ మీద అలిగానని.

"గేటుకాడికి వచ్చినవా నువ్వు? నాకు కనవడలేదు గదా!"

"నువ్వు పైకొచ్చి టోపీ లైటు అప్పజెప్పుడు చూసిన. చూసి ఇంటికి మర్రొచ్చిన. అంత మందిల ఏడుస్తనేమోనని."

"ఇన్నేండ్ల సంది నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏమైతుండె? తెల్లారి డ్యూటీకి పోకుంటుంటివా?"

 ఆ రోజు ఇంటికి రాగానే లేటెందుకైందని అవ్వ తనతో కొట్లాడిందని బాపు గుర్తు చేసుకున్నాడు. "కొట్లాడిన," అంది అవ్వ, అంతే.

మర్నాటి నుంచి బాపులో ఒక మార్పు వచ్చింది. షిఫ్టు దిగాక ఏ పని మీదైనా ఆగాల్సి వస్తే మా కాలనీకి వచ్చే ఎవరో ఒకరితో కబురు పంపేవాడు. "మీ ఆయన అరగంట లేటైతడట," అని వాకిట్లోంచే చెప్పి పోయేవారు. రిటైరయ్యేదాకా ఆ అలవాటు తప్పలేదు.

నేను ఆ సినిమా గొప్పదని ఇప్పటికీ అనను. ఆ అగ్గిపుల్ల క్షమించరానిది. బాయి దిగే మనిషిని ఒక్కణ్ణి పిలిచి అడిగితే ఆ తప్పు జరిగేది కాదు. కానీ ఆ తీసినవాళ్లలో ఎవరో ఒకరు ఎక్కడో ఒక ఆడమనిషిని కూర్చోబెట్టి అడిగి ఉంటారు, లేకపోతే ఆ పిండి చేతులు వాళ్లకెలా తెలుస్తాయి? ఆ అడగడమే నా దృష్టిలో సినిమా. అలా అడిగి తెలుసుకున్నది మొదటి నుంచి చివరిదాకా నిలబడితే దాన్ని గొప్ప సినిమా అంటాను. నేను చూసినవాటిలో అలాంటివి మూడో నాలుగో ఉంటాయి. ఏడ్పించాయా, పాటలున్నాయా అన్నది ఇప్పుడు నాకు లెక్క కాదు. హాస్టల్ స్నేహితురాలికి ఆ మాటే ఉత్తరంలో రాశాను, నా పాత పాఠాలు మరిచిపొమ్మని.

తర్వాత కాగజ్‌నగర్‌లో టీచరుగా చేరాను. తొంభైల్లో ఇంట్లో టీవీ కొన్నాక అవ్వ వచ్చినప్పుడు నాకు ప్రాణమైన ఒక మలయాళ సినిమా వేశారు. చూడమని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అరగంట ఓపిక పట్టి లేచి చాట తెచ్చుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

"బాగలేదా అవ్వా?"

"గాళ్లే ఒకలతోని ఒకలు మాట్లాడుకుంటలేరు. మధ్యల నాకేం పని?"

ఆ సినిమా విషయంలో మాత్రం ఆమె తీర్పు తప్పని నా అభిప్రాయం.