నేను లేచేసరికి నిక్షేపంగా ఉన్నాడు

బెరిల్ మెట్‌కాఫ్ ఏ సినిమానీ ఆఖరుదాకా చూడదు. ఏ సినిమానీ అంటే జూలియన్ క్రేక్ విలన్‌గా వేసిన ఏ సినిమానీ అని అర్థం. ఆయన విలన్ కాక ఇంకేం వేశాడు కనక? ఆయన చచ్చే సీను ఇంకో పది నిమిషాల్లో వస్తుందనగా బెరిల్ సంచీ సర్దుకుని, రెయిన్‌కోటు చంకన పెట్టుకుని, పక్కింటి ఎడ్నా ముసలమ్మ మోచెయ్యి పట్టుకుని లేచి నిలబడుతుంది. వరసలో అందరూ మోకాళ్లు ముడుచుకోవాలి. పాప్‌కార్న్ ఉన్నవాళ్లు దాన్ని నెత్తిమీద పెట్టుకోవాలి. "కాస్త దారివ్వండి నాయనా, ఎడ్నాకి అర్జంటు" అంటూ వాళ్ల కాళ్లు తొక్కుకుంటూ వెళ్లిపోతుంది.

ఇలాంటి మనిషి జూలియన్ క్రేక్ అభిమానుల సంఘంలో ఎందుకుందని అడక్కండి. సంఘం పెట్టినవాళ్లలో ఆవిడ ఒకతె.

థార్న్‌సీ లాంటి చిన్న ఊళ్లో ఆ సంఘం ఉండటానికీ ఒక కారణముంది. క్రేక్ మొట్టమొదటి దుర్మార్గం ఇక్కడే చేశాడు. మా ఊరి సముద్రపు ఒడ్డున చెక్కవంతెన మీద నుంచి ఒక ముసలి పాదిరీని నీళ్లలోకి తోశాడు. ఆ పాదిరీ వేషం వేసినవాడికి జలుబు చేస్తే మందుల షాపువాడు మందిచ్చాడు. ఆ షాపువాడు ఇప్పటికీ ఆ కథే చెబుతాడు. తర్వాత క్రేక్ అమెరికా వెళ్లి పెద్దవాడై గనులు పేల్చాడు, బ్యాంకులు దోచాడు, ఒక అనాథాశ్రమం తగలబెట్టాడు. ప్రతిసారీ మా ఊళ్లో, "మన వంతెన మీదే మొదలెట్టాడు" అని గర్వపడ్డారు.

సంఘానికి అధ్యక్షుడు కీత్ డగ్‌డేల్. జీవితమంతా రైలు గార్డుగా చేసి రిటైరైనవాడు. టిక్కెట్టు కొన్నవాడు ఆఖరి స్టేషన్ దాకా ప్రయాణం చెయ్యాలని అతని సిద్ధాంతం. మధ్యలో దిగిపోయేవాళ్లంటే అతనికి గిట్టదు. అలాంటివాడికి భగవంతుడు సంఘంలో బెరిల్‌ని ఇచ్చాడు.

ప్రతి మంగళవారం సాయంత్రం చేపలూ బంగాళాదుంపలూ వేయించే కొట్టు మేడ మీద సంఘం కూర్చుంటుంది. బెరిల్ ఎడ్నాని వెనకనుంచి ఒక్కో మెట్టూ ఎక్కించి తెచ్చి, గదిని వెచ్చబరిచే వేడి పలక పక్కన కుర్చీలో కూలేస్తుంది. ఎడ్నా అల్లం బిస్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుంటుంది. ఇక ఆ డబ్బా ఎవరికీ అందదు. ఎనభై దాటిన మనిషి, ఎవరు అడుగుతారు? ఆవిడ నోరు విప్పేది తక్కువ, బిస్కెట్టుకి తప్ప.

"పోయినసారి సినిమాలో మొసళ్లు ఆయన్ని తినేశాయి బెరిల్. నా కళ్లతో చూశాను" అన్నాడొకసారి నైజెల్. నైజెల్ పళ్ల డాక్టరు. క్రేక్ చావులన్నీ నటించి చూపించడం అతని ప్రత్యేకత. ఆ రోజు కార్పెట్ మీద బోర్లా పడి మొసలీ తనే, క్రేకూ తనే అయ్యాడు.

"తినడం చూశావా, నీళ్లలో పడ్డం చూశావా?" అంది బెరిల్.

"పడ్డాడు. నీళ్లు ఎర్రబడ్డాయి."

"మొసలికే దెబ్బ తగిలిందేమో. శవాన్ని చూశావా?"

"మొసలి తిన్నాక శవం ఎక్కడుంటుంది తల్లీ?"

"అదీ. చూడలేదు కదా. నేను లేచేసరికి నిక్షేపంగా ఉన్నాడు. టై కూడా నలగలేదు."

ఇదీ ఆవిడ వాదం. విమానం పేలిపోయినా, మంచుకొండ విరిగి మీదపడినా, బెరిల్ లెక్కలో జూలియన్ క్రేక్ ఎక్కడో సుఖంగా కూర్చుని టీ తాగుతున్నాడు. ఎవరెన్ని చెప్పినా, "నేను లేచేసరికి నిక్షేపంగా ఉన్నాడు" అంటుంది. ఇంక దాని మీద ఏం వాదిస్తారు?

చావు వస్తోందని ఆవిడకి ముందే ఎలా తెలుస్తుందంటారా? అది విద్య. విలన్ తన పథకమంతా హీరోకి కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడంటే ఆయుష్షు మూడినట్టే. ఎత్తైన చోటికి ఎక్కినా అంతే. అన్నిటికన్నా పెద్ద గుర్తు, ఊరికే నవ్వడం. ఒక్కసారి మాత్రం లెక్క తప్పింది. సినిమా మొదలైన కాసేపటికే క్రేక్ మేడమీద వరండాలోకి వచ్చి గట్టిగా నవ్వాడు. బెరిల్ ఎడ్నాని లేవదీసి బయటికి తీసుకుపోయింది. తీరా ఆయన అక్కడ నవ్వింది కుక్కపిల్లని చూసి. ఆ సినిమాలో ఆ కుక్కపిల్ల తర్వాత ఏమైందో బెరిల్‌కి ఎవరూ చెప్పలేదు, అదొక్కటీ నయం.

అసలు బాధ ఆవిడ వెళ్లిపోవడం కాదు. బెరిల్ లేచిందంటే క్రేక్ పోతాడని హాలు హాలంతటికీ తెలిసిపోతుంది. ఉత్కంఠ అంతా ఆవిడ రెయిన్‌కోటుతో పాటు బయటికి పోతుంది. పోయిన ఏడాది ఇంకా ఘోరం. ఆయన గంటగోపురం మీంచి పడే సీను కోసం కీత్ నెలల తరబడి కాచుకున్నాడు. తీరా పడేవేళకి కీత్ కళ్లముందున్నది బెరిల్ కోటు గుండీ. పక్కకి వంగి చూసేసరికి క్రేక్ నేలమీద ఉన్నాడు.

"ఎంతసేపు పడ్డాడు?" అని కీత్ దీనంగా అడిగాడు.

"చాలాసేపు. బ్రహ్మాండంగా పడ్డాడు" అన్నాడు నైజెల్.

ఆ దెబ్బ కీత్ మనసులో ఉండిపోయింది.

ఈ ఏడు వసంతంలో క్రేక్ కొత్త సినిమా వచ్చింది. ఇదే ఆయన ఆఖరి విలన్ వేషమని పుకారు కూడా వచ్చింది. సంఘం కోసం మధ్యాహ్నం ఆట ప్రత్యేకంగా వేయించారు. అంతకుముందు మంగళవారం సంఘంలో ఆ మాటే నడిచింది.

"అసలు ఆయనకెప్పుడూ విలన్ వేషాలే ఎందుకిస్తారంటావు?" అన్నాడు నైజెల్.

"మన యాస" అన్నాడు కీత్. "మనం పద్ధతిగా 'దయచేసి కూర్చోండి' అన్నా, అమెరికా వాడికి కుర్చీ కింద బాంబుందేమో అనిపిస్తుంది."

"ఒకసారి పశువుల డాక్టరు వేషమిచ్చారుగా, టీవీలో."

"ఇచ్చారు. ఆ గొర్రెపిల్లని ఎప్పుడు చంపుతాడా అని ఊరంతా వారాల తరబడి ఎదురుచూసింది. చంపలేదు. జనానికి ఒళ్లు మండి చూడ్డం మానేశారు. యాస కూడా కాదులే నైజెల్, ఆ మొహమే అంత. గడ్డం మధ్యలో సొట్ట చూశావా? ఆ గడ్డం చూస్తే కన్నతల్లికే దడుపు జ్వరం వస్తుంది."

ఎడ్నా బిస్కెట్టు నమలడం ఆపింది. "మరీ అంత చెడ్డ గడ్డమా?" అంది.

"నీ పని చూసుకో కీత్" అంది బెరిల్, అవసరం లేనంత గట్టిగా. "ఆ టీ పోసి ఎడ్నాకి ఇవ్వు. నోటికి పని లేకపోతే చేతికైనా ఉంటుంది."

కీత్‌కి రోషం వచ్చింది. పైగా గంటగోపురం గుర్తొచ్చింది. కప్పు కింద పెట్టి అందరి ముందూ తేల్చి చెప్పేశాడు. "బెరిల్, ఈసారి నువ్వు ఆఖరుదాకా కూర్చోవాలి. మధ్యలో లేచావా, ఇక మంగళవారాలు రానక్కర్లేదు. ఆయన ఎలా పోతాడో చూసే ధైర్యం లేనివాళ్లు అభిమానులేంటి?"

భర్త ఆర్థర్ పోయాక బెరిల్‌కి వారమంటే మంగళవారమే అని అక్కడ అందరికీ తెలుసు. కీత్‌కీ తెలుసు. అన్న మాట వెనక్కి తీసుకుందామనుకునేలోపు బెరిల్, "సరే" అని కోటు తొడుక్కుంది.

సినిమా రోజున కీత్ ఏర్పాట్లు పక్కాగా చేశాడు. బెరిల్‌నీ ఎడ్నానీ వరస నడిమధ్యన కూర్చోబెట్టి, ఒకవైపు తను, ఇంకోవైపు లావుపాటి నైజెల్. నైజెల్ని దాటాలంటే నిచ్చెన కావాలి.

సినిమా బాగుంది. క్రేక్ ఓడలకి దారి చూపే ఒక దీపస్తంభం కొనేసి, వాటన్నిటినీ రాళ్లకేసి కొట్టించి, బంగారం ఏరుకుంటున్నాడు. హీరోని కుర్చీకి కట్టేశాడు. పథకం చెప్పడం మొదలుపెట్టాడు. కీత్ పక్కకి చూశాడు. బెరిల్ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. క్రేక్ దీపస్తంభం మెట్లెక్కాడు. బెరిల్ కదల్లేదు. క్రేక్ పైకి చేరి, గాలికి జుట్టు ఎగురుతుంటే, నవ్వాడు. గెలిచానని కీత్ అనుకున్నాడు.

అప్పుడు ఎడ్నా వంగి, "బెరిల్, నాకు అర్జంటుగా ఉందమ్మా" అంది.

బెరిల్ కీత్ వైపు చూసింది. కీత్ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మళ్లీ ఎడ్నా వైపు చూసి, సంచీ సర్దుకుని, కోటు చంకన పెట్టుకుని లేచింది. "దారివ్వండి నాయనా." నైజెల్ పాప్‌కార్న్ ఈసారి నెత్తిమీదికి చేరలేదు, ముందు వరసవాళ్ల మీద పడింది.

కీత్‌కి తెర మీద ఏం జరుగుతోందో పట్టలేదు. ఒళ్లు మండిపోయి ఆవిడ వెనకే బయటికి నడిచాడు. అలా తనూ మధ్యలో లేచిపోతున్నానన్న సంగతి అతనికి తలుపు దాటాక గాని తట్టలేదు.

బయట వరండాలో బాత్రూమ్ తలుపు ముందు బెరిల్ ఎడ్నా చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉంది. "తిట్టబోకు కీత్. మంగళవారాలు రానులే. నా కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్యి. ఎడ్నాని మాత్రం నువ్వే మెట్లెక్కించాలి, నైజెల్ తొందరపెడతాడు."

కీత్ కోపం అక్కడే సగం చల్లారింది. "అసలెందుకమ్మా ఇదంతా? ఆ ఒక్క పది నిమిషాలు కూర్చుంటే ఏం పోయింది?"

"గట్టిగా మాట్లాడకు, వినిపిస్తుంది" అని బెరిల్ అతన్ని పక్కకి లాగింది. "ఎవరితోనూ అనకు. క్రేక్ అన్నది సినిమా పేరు. వాడి అసలు పేరు నార్మన్. లోపలున్నది వాడి తల్లి."

కీత్ గోడకి ఆనుకున్నాడు.

"ఇదివరకు ఉన్న ఊళ్లో, ఆ అనాథాశ్రమం సినిమా వచ్చాక, మాంసం కొట్లో ఆడవాళ్లు ఆవిడ పక్కన నిలబడలేదట. అందుకే వాడు ఇక్కడ ఇల్లు కొనిచ్చాడు. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకుంది. మొదటిసారి ఇద్దరం సినిమాకొచ్చినప్పుడు తెర మీద వాడు కిటికీ పట్టుకుని వేలాడుతున్నాడు. చూస్తే ఆవిడ చెయ్యి నా చేతిలో గజగజ వణుకుతోంది. అంతలో బాత్రూమ్‌కి వెళ్లాలంది. చూడలేక అలా అంటోందని నాకు తెలిసిపోయింది. ఏ తల్లి చూస్తుంది కీత్, కొడుకు చావడం? అప్పట్నుంచీ టైముకి లేపి తీసుకొచ్చేస్తున్నాను. వాడు చావలేదని మీ అందరి ముందూ ఒట్టేసి వాదిస్తున్నాను. ఆవిడ వింటుంది కదా."

మంగళవారం మంగళవారం ఆ కుర్చీ పక్కన నిలబడి తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొస్తున్నాయి. గడ్డం దగ్గరికొచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

ఎడ్నా బయటికొచ్చింది. "నా కళ్లజోడు సీటు మీదే వదిలేశాను బెరిల్" అంది. బెరిల్ కళ్లజోడు కోసం లోపలికి వెళ్లగానే, ముసలమ్మ కీత్ చొక్కా చెయ్యి పట్టుకుంది. కళ్లజోడు ఆవిడ కోటు జేబులోంచి తొంగిచూస్తోంది.

"చెప్పేసిందా?"

"చెప్పిందండీ" అన్నాడు కీత్. "మమ్మల్ని క్షమించాలి. ఆ గడ్డం సంగతి..."

"ఆ గడ్డం మా నాన్నది" అని ఎడ్నా మొహం పైకెత్తింది. నిజమే, మధ్యలో సొట్ట. అన్నాళ్లూ బిస్కెట్టు పొడి అంటుకుని ఎవరికీ కనపడలేదు. "అది కాదు బాబూ. బెరిల్‌ని సంఘంలోంచి తీసెయ్యకు. నాకోసమని అది లేస్తోంది గాని, లేచేది దానికోసమే."

"అంటే?"

"మా నార్మన్ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. ఈసారి ఎలా చచ్చాడో, పరుపు ఎక్కడేశారో, మోకాలు ఎక్కడ గీరుకుందో అన్నీ చెబుతాడు. నేను పడీపడీ నవ్వుతాను. మొసళ్లు రబ్బరువి, తెలుసా? నాకేం భయం? భయం బెరిల్‌కి. ఆర్థర్ పోయిన ఏడే మేమిద్దరం మొదటిసారి సినిమాకొచ్చాం. వాడు కిటికీకి వేలాడుతుంటే దీని చెయ్యి నా చేతిలో గజగజలాడిపోయింది. ఇంకో నిమిషం ఉంటే ఏడ్చేసేది. అందుకని బాత్రూమ్ అన్నాను. ఇక చూసుకో, అప్పట్నుంచీ అంటూనే ఉన్నాను. బాత్రూమ్‌లో నిలబడి గోడలు చూస్తుంటాను, మా వాడి చావులన్నీ చూడకుండానే పోయాయి." ఆవిడ నిట్టూర్చింది. "గంటగోపురం మీంచి బాగా పడ్డాడటగా?"

"చాలాసేపు పడ్డాడంటండీ" అన్నాడు కీత్. "నేనూ చూడలేదు."

బెరిల్ ఖాళీ చేతులతో తిరిగొచ్చి, ఎడ్నా జేబులో కళ్లజోడు చూసి నాలుగు చివాట్లు పెట్టింది. ఎడ్నా బుద్ధిగా తల వంచుకుంది. కీత్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. "మంగళవారం ఆలస్యం చెయ్యకు బెరిల్. మెట్ల దగ్గర నేనుంటాను, ఎడ్నా గారిని చెరోవైపు పట్టుకుందాం" అన్నాడు.

మంగళవారం నైజెల్ బల్ల ఎక్కి దీపస్తంభం మీంచి పడి చూపించాడు. కింద కొట్లో నూనె చిందిందని ఎవరో కేకేశారు. అతను దుమ్ము దులుపుకుంటూ లేచి, "ఏమయ్యా అధ్యక్షా, నువ్వూ ఆ గందరగోళంలో ఎటో పోయావు. ఆయన చావు నీకెలా అనిపించింది?" అన్నాడు. అందరూ కీత్ వైపు తిరిగారు. అందరికన్నా ఎక్కువగా బెరిల్.

కీత్ తీరిగ్గా టీ చప్పరించాడు.

"ఎవరు చచ్చారు?" అన్నాడు. "నేను లేచేసరికి నిక్షేపంగా ఉన్నాడు."

వేడి పలక పక్కనుంచి మూత తీసిన చప్పుడైంది. ఎడ్నా అల్లం బిస్కెట్ల డబ్బా కీత్ ముందుకి జరిపి, "రెండు తీసుకో బాబూ" అంది.