బావమరిది పేరున కొన్న విల్లు

చరిత్రకారులు పట్టాభిషేకాలకు తేదీలు వేశారు, యుద్ధాలకు వేశారు, వరదలకు కూడా వేశారు. బైండరు రోజూ పొద్దున్న ఆరుంబావుకు మేకు మీంచి విల్లు దించి, నారి తగిలించి, ఒక్కసారి గడ్డం దాకా లాగి, బాణం లేకుండా వదిలితే విల్లు విరుగుతుంది కనుక అంతే నెమ్మదిగా వెనక్కి తెచ్చి, నారి ఊడదీసి మళ్లీ మేకుకు తగిలించే ఘట్టాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. పదకొండేళ్లుగా నిరాటంకంగా సాగిన కార్యక్రమం అది. ఇంటాయన అద్దె పెంచిన రోజున జరిగింది. అత్తగారు పోయిన రోజున కూడా జరిగింది, కాకపోతే భార్య చూసిన చూపుకు కాస్త తొందరగా ముగిసింది.

ఆయన పని పుస్తకాలకు అట్టలు కట్టడం. వారానికి ఆరు రోజులు దబ్బనం, జిగురు, ప్రెస్సు చక్రం. ఏడో రోజు మూతపడ్డ మిల్లు వెనక ఖాళీ స్థలం, అక్కడ ఓ గడ్డి దిమ్మ, దాని మీద కాగితం, బాణాలు వెయ్యడానికి పోగయ్యే అయిదుగురు. షాపులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మిల్లు వెనక మాత్రం బిరుదే ఉండేది: "నలభై అయిదు". ఆయన విల్లు పిడి పక్కన ఆ అంకె చెక్కి ఉంది. దాన్ని లాగడానికి నలభై అయిదు పౌండ్ల బలం కావాలన్నమాట. మిగతావాళ్లవి ముప్ఫై, మహా అయితే ముప్ఫై అయిదు. రిటైరైన కాంపౌండరైతే ఆయన గేటు దాటగానే, "నలభై అయిదు వేంచేసింది, దారివ్వండి" అనేవాడు. బైండరు వినపడనట్టు నడిచేవాడు, రెండోసారి వినపడే దాకా నెమ్మదిగా.

ఒకరోజు నారి గడ్డానికి నాలుగు వేళ్ల ఇవతలే ఆగిపోయింది. ఆయన ముందు నారిని అనుమానించాడు, తరవాత చలిని, ఆ తరవాత తలగడను. నెల తిరిగేసరికి ప్రెస్సు చక్రం తిప్పడానికి రెండో చెయ్యి సాయం పట్టాల్సి వచ్చింది. డాక్టరు సూదులు గుచ్చి, తీగలు పెట్టి చూసి, తేల్చి చెప్పేశాడు. నరాల జబ్బు. కుడి భుజంలో కండ కరిగిపోతోంది. మందు లేదు. ఏడాదో ఏడాదిన్నరో ఈ చెయ్యి పనికొస్తుంది, ఆ తరవాత రెండోదీ ఇదే దారి పడుతుంది. ఈ చేత్తో ఏం పని చేస్తారని అడిగితే బైండరు అట్టల సంగతి చెప్పాడు. బాణాల సంగతి చెప్పలేదు, చెబితే మానెయ్యమంటాడని. భార్యకు భుజం పట్టేసిందని చెప్పాడు.

ఇక మిగిలినవి లెక్కపెట్టుకోదగిన ఆదివారాలు. వాటిని నిలుపుకోవాలంటే తేలిక విల్లు కావాలి. తేలిక విల్లు పట్టుకెళితే బిరుదు పోతుంది. ఈ రెంటి మధ్యా వారం రోజులు మథనపడి, ఊరి అవతలి కొసన విళ్లు చేసే వడ్రంగమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడకు అరవై దాటాయి. కూటికి కుర్చీలు, మనసుకు విళ్లు.

"ఎవరికి బాబూ?" అంది.

"మా బావమరిదికండి. కొత్త. ఏదో సరదాకి."

"ఆయన చెయ్యి ఎంత పొడుగు?"

"నా అంతే."

"భుజం?"

"అదీ నాలాంటిదే."

"అయితే మీరే లాగండి."

ఓ తేలిక విల్లుకు అంగుళాల గీతలున్న పుల్ల పెట్టి గడ్డం దాకా లాగించింది. ఇరవై అయిదు అంగుళాల దగ్గర ఆగింది. తనేదో అనామకుణ్ణి కాదని తెలియడం మంచిదనిపించి, తాను పదకొండేళ్లుగా నలభై అయిదు లాగుతున్నానని ఆయన తెలియజేశాడు.

"ఆ అంకె ఇరవై ఎనిమిది అంగుళాలు లాగినప్పటిది. మీరు మూడు తక్కువ. అంగుళానికి రెండు, రెండున్నర తీసెయ్యండి. ముప్ఫై ఎనిమిది. నలభై అయిదు మీరెప్పుడూ లాగలేదు," అంది ఆవిడ, రంపప్పొట్టు ఊదుతూ.

పదకొండేళ్ల బిరుదు ఆ పొట్టుతోపాటే ఎగిరిపోయింది. విచిత్రమేమిటంటే ఆయనకు ముందుగా కలిగింది ఊరట. పోతున్నది ముప్ఫై ఎనిమిదే కదా.

వెనక గోడకు పొరలు పొరలుగా అతికి మెరుగు పెట్టిన విళ్లున్నాయి. వాటి ధర చీటీ చదవడానికి కూడా ఆయన జీతం చాలదు. ముందు బల్ల మీద ఒకే చెక్కలో తీసిన సాదా రకం. మెరుగు లేదు, పిడికి తోలు లేదు. బాణం వెళ్లడానికి ఆ రెండూ అక్కర్లేదంది ఆవిడ. ఆవిడ పరీక్ష కూడా సాదాదే. పూర్తిగా లాగి పట్టుకుని ఇంటి అడ్రసు చెప్పాలి. గొంతు వణక్కపోతే ఆ విల్లు మనది.

ముప్ఫై పౌండ్ల దానితో ఇంటి నంబరు దాటలేదు. ఇరవై అయిదుతో వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడ గొంతు పట్టుకుపోయింది. ఇరవైతో ఎదురుగా ఉన్న ఇస్త్రీ కొట్టు గుర్తుతో సహా చెప్పి, ఇదే కట్టెయ్యమన్నాడు.

ఆవిడ కట్టలేదు. "ఈ చెయ్యి ఎప్పట్నించి ఇలా ఉంది?"

"మూడు నెలలు."

"తగ్గుతుందన్నారా?"

"లేదన్నారు." బావమరిది సంగతి ఆయనకు గుర్తు రాలేదు. ఆవిడా గుర్తు చెయ్యలేదు.

"ఇవాళ్టి చేతికి కొనుక్కుంటే మూడు నెలల్లో గోడకెక్కుతుంది. వచ్చే ఏడాది చేతికి కొనుక్కోండి," అంటూ బల్ల కింద నుంచి పద్నాలుగు పౌండ్లది తీసింది. ఏదో బడివాళ్లు చేయించి తీసుకెళ్లలేదట. సగం ధరకిచ్చింది.

"ఇది పిల్లలది కదమ్మా."

"బాణానికి ఆ సంగతి తెలియదు బాబూ."

ఇంట్లో భార్య ఇస్త్రీ చేస్తోంది. ఎవరికది అంటే, మీ తమ్ముడికన్నాడు.

"వాడి మీద దోమ వాలితే కొట్టడానికి ఇంకొకర్ని కేకేస్తాడు. వాడికి విల్లా?" అంది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, విల్లు తీసుకుని, రెండు వేళ్లతో చివరిదాకా లాగింది. నెమ్మదిగా వెనక్కి తెచ్చింది. "డాక్టరు ఏమన్నాడో ఇప్పుడు మొత్తం చెప్పండి."

చెప్పాడు. ఆవిడ ఏడవలేదు. చొక్కా పూర్తి చేసింది. కుడి చేతిని మాత్రం రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

ఆదివారం ఆవిడా వెంట వచ్చింది. బైండరు సింహాసనం వదులుకునే వాళ్ల ధోరణిలో గొంతు సవరించుకుని, జబ్బు సంగతీ, కొత్త అంకే నలుగురి ముందూ ప్రకటించాడు. కాంపౌండరు, "పద్నాలుగు వేంచేసి..." అని మొదలుపెట్టి, అక్కడితో ఆపి, కళ్లజోడు తుడుచుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఇద్దరు వెళ్లి గడ్డి దిమ్మను ముప్ఫై అడుగుల నుంచి పన్నెండుకు లాక్కొచ్చారు. భార్య నారి తగిలించి ఇచ్చింది. బాణం కాగితం అంచుకు తగిలింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

అలా ఇరవై రెండు ఆదివారాలు వేశాడు. డాక్టరు చెప్పిన ఏడాది కన్నా ముందే ఆ చేతికి పద్నాలుగు కూడా బరువైంది. ఇరవై మూడో ఆదివారం ఆయన రాలేదు. తొమ్మిదిన్నర దాకా చూసి, దిమ్మను మళ్లీ ముప్ఫై అడుగులకు జరిపారు.