తడి కొంగు

ఎల్బీనగర్‌లోని ఆసుపత్రిలో నాకు పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు, పక్క మంచంలో గర్భసంచి తీయించుకున్న ఒకావిడ ఉండేది. నల్గొండ వైపు మనిషి. నర్సు జ్వరం చూడటానికి వస్తోందంటే చాలు, కొంగు నీళ్లలో తడిపి నుదుటికి ఒత్తుకునేది. నుదుటి దగ్గర పెట్టి చూసే ఆ యంత్రంలో జ్వరం తక్కువ కనబడేది.

ఒకరోజు చలితో ఆమె పళ్లు టకటకలాడుతుంటే, ఎందుకు దాస్తున్నావని అడిగాను.

"ఇంట్ల నా బిడ్డకు నెలలు నిండినయ్ అక్కా. అల్లుడు లారీ మీద పోయిండు. జ్వరమని తెలిస్తే నన్ను ఇంటికి పంపరు. ఎవ్వలకు చెప్పకున్రి."

నేను చెప్పేశాను.

డాక్టరు వచ్చి కట్టు విప్పించాడు. "ఆపరేషనైన మర్నాడు కాస్త జ్వరం వస్తే కంగారుపడం. ఇన్ని రోజులయ్యాక వణుకుతో వచ్చిందంటే కుట్ల దగ్గర చీము పట్టిందేమో చూడాలి" అన్నాడు. పట్టింది. అలాగే ఇంటికి పంపి ఉంటే బతికేది కాదన్నాడు. పుండు కడిగి, ఆమెను ఉంచేశారు.

ఆ మధ్యాహ్నమే ఇంట్లో కూతురికి నొప్పులొచ్చాయి. తోడు ఎవరూ లేరు. ఆటో దొరికి దవాఖానకు చేరేసరికి కడుపులోని పసికందు పోయింది. కబురు విని ఆమె ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

కొన్ని నెలలకు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో కనబడితే, నేనే దగ్గరికి వెళ్లాను.

"మీ కుట్లు మంచిగ మానినయా అక్కా?" అంది. ఇంతలో బస్సొచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఎందుకు చెప్పారని ఆమె నన్ను అడగనే లేదు. అడిగితే ఇవ్వాల్సిన జవాబును నేను మాత్రం ఈనాటికీ మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను.