కదిలింది నా చెయ్యి

ఈ మాట నా డైరీలో కూడా రాసుకోలేదు. కోదాడ క్యాంపులో ఆ ఫిల్ము మంగమ్మ కదలడం వల్ల పాడవలేదు. కదిలింది నా చెయ్యి.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నేను సూర్యాపేట దవాఖానలో ఎక్స్‌రే డాక్టరును. వారానికోసారి మిషనును వ్యానులో ఎక్కించుకుని కోదాడకో మిర్యాలగూడకో పోయేవాళ్లం. ఫిల్ము పెట్టెను నిలబెట్టడానికి మాకు స్టాండు లేదు. మగవాళ్లకైతే అటెండరు పట్టుకునేవాడు. ఆడవాళ్లు ఒప్పుకోరు కనుక తెర వెనక నేనే రెండు చేతులూ చాచి, పెట్టెను వాళ్ల ఛాతీకి ఆనించి పట్టుకునేదాన్ని. నా ఒంటిమీద, కిరణాలు సోకకుండా, ఎవరో పొడుగాటి మగ డాక్టరు కోసం కుట్టించిన సీసం ఏప్రన్. దాని బరువంతా మెడ మీదే. ఆయా యాదమ్మ దాన్ని సీసం చీర అనేది.

"డాక్టరమ్మా, గీ చీర కడ్తె పెండ్లిపిల్ల గూడ ముసల్ది అయితది" అని నవ్వేది.

ఆ కోదాడ క్యాంపు రోజు పొద్దున జడ వేసుకుంటుంటే కుడి చెయ్యి భుజం దాటి లేవలేదు. ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో నాకు నోరు పెగలదు. పైగా, ఆడమనిషి ఈ పనికి తట్టుకోలేదంటే ఆడవాళ్ల పరీక్షలే ఆగిపోతాయి.

మునగాల నుంచి వచ్చిన మంగమ్మ ఆనాటి పదకొండో మనిషి. రెండు నెలలుగా దగ్గు. "ఊపిరి పట్టు, కదలకు" అన్నాను. రాయిలా నిలబడింది. నా మెడ నుంచి వేళ్ల దాకా మంట పాకింది. పెట్టె వణికింది. ఫిల్ము కడిగి చూస్తే అంతా మసక. కవరు మీద "పేషెంట్ మూవ్డ్" అని రాసి, వచ్చే వారం మళ్లీ రమ్మన్నాను.

బయట ఆమె భర్త అరుస్తున్నాడు. "కదలకంటె కదిల్తివి! మల్లెవడు బండి కడ్తడే?"

"నేను కదల్లేదయ్యా" అని ఒక్కసారే అన్నది. నేను తెర వెనకే ఉండిపోయాను. ఆ తర్వాతి వారం ఆమె రాలేదు.

నెల తిరిగేసరికి అన్నం కలుపుకోవడం కష్టమైంది. పడుకుని పుస్తకం ఎత్తి పట్టుకోలేకపోయాను. హైదరాబాదులో ఎముకల డాక్టరు నా మెడకే ఎక్స్‌రే తీయించారు.

"బోన్స్ నార్మల్. మజిల్ స్ట్రెయిన్, షోల్డర్ స్టిఫ్ అయింది. ఎన్నాళ్ల సంది దాస్తున్నవమ్మా?"

ఆయన నా చెయ్యి మెల్లగా ఎత్తి చూసి వదిలారు.

"గిట్లనే మోస్తే ఈ చెయ్యి ఖతం."

చేతికి స్లింగ్, యాస్పిరిన్, డయాథర్మీ మిషనుతో వేడి కాపడం. మూడు వారాలకు కాస్త నయమనిపించగానే మిర్యాలగూడ క్యాంపుకు పోయాను. నాలుగో మనిషి దగ్గరే పెట్టె చేతిలోంచి జారిపడింది. ఈసారి రెండు నెలలు సెలవు. జడ యాదమ్మ వేసేది.

"జర చెప్తే ఏం పోయిందమ్మా? నేను ఆడదాన్ని కానా, పెట్టె పట్టనా? లేకుంటే రెండు గుంజలు పాతి నడుమ ఇరికిస్తే సరిపాయె!" అని జుట్టు గుంజుతూ తిట్టింది.

ఆమె చెప్పినట్టే వడ్రంగి చెక్క స్టాండు చేసిచ్చాడు. ఇప్పుడు ఏప్రన్‌ను నడుము దగ్గర పట్టీతో బిగిస్తాను, మనిషికీ మనిషికీ మధ్య విప్పేస్తాను. చెయ్యి ఇంకా పూర్తిగా లేవదు. చలికాలం భుజం బిగుసుకుపోతుంది. నాలాంటి పని చేసేవాళ్లకు ఒకటే చెబుతాను: చెయ్యి లేవని రోజే నోరు విప్పండి. దాచిన నొప్పి మీ భుజం మీదే ఆగదు.

స్టాండు మీద తీసిన మొదటి ఫిల్ము మంగమ్మదే. కోదాడ క్యాంపు అయిన నాలుగు నెలలకు సూర్యాపేటకే వచ్చింది, భర్త చెయ్యి పట్టుకుని. ఫిల్ము తేటగా వచ్చింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ క్యావిటీలు, క్షయ తొలిచిన గుంతలు. "టూ లేట్" అన్నారు మా పెద్ద డాక్టరు. ఆమెను చూడడం అదే ఆఖరు. భర్త బండిలో గడ్డి పరుస్తుంటే, నిజం చెప్పేద్దామని ఆమె దగ్గరికి వెళ్లాను, కాని చెప్పనే లేదు. నా నోరు పెగలకముందే, దగ్గు ఆపుకుంటూ ఆమే అడిగింది.

"ఈసారి నేను కదల్లే గద, డాక్టరమ్మా?"