వదిన కాళ్ళు లేచే చోటు

మా వదిన పిరికిదని చుట్టాలందరికీ తెలుసు. బొద్దింకంటే భయం, లిఫ్టంటే భయం, ఫోన్ రాకపోతే భయం, వస్తే ఇంకా భయం. బాత్రూం గొట్టంలో నీళ్ళు గురగురమంటే చీపురు పట్టుకుని నిలబడుతుంది. అలాంటి మనిషి దయ్యాల సినిమాలు తీసే పిల్లలకి పెద్దదిక్కు అయిందంటే ఎవరు నమ్ముతారు? మా అన్నయ్య ఇప్పటికీ నమ్మడు.

వదినది కళ్ళజోళ్ళ దుకాణం. ముందు గదిలో ఫ్రేములు, వెనక కళ్ళు పరీక్షించే పొడుగాటి గది. దానికి కిటికీ లేదు. తలుపు మూస్తే మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. ఒక చివర అక్షరాల బోర్డు, ఇంకో చివర కుర్చీ. కళ్ళజోడు చేయించుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు ఆ గదిని చూసి మురిసిపోయి, "ఆంటీ, ఆదివారం ఇక్కడ మా సినిమా వేసుకుని చూసుకోవచ్చా? చిన్నదే," అని అడిగాడు. ఎలాంటి సినిమా అని అడగాలని వదినకి తట్టలేదు. అక్షరాల బోర్డు మీద తెల్లగుడ్డ కట్టి, ఆవిడనే కుర్చీలో కూర్చోబెట్టారు.

తెర మీద మంచం కింద నుంచి చెయ్యి వచ్చింది. వదిన అరవలేదు. రెండు కాళ్ళూ చటుక్కున కుర్చీ మీదికి లాక్కుంది. చెప్పులు మాత్రం టపటపా కిందే పడిపోయాయి.

పిల్లలు తెర వదిలేసి ఆ చెప్పుల వంకే చూశారట. ఆ రోజు నుంచి అదే వాళ్ళకి కొలత. కాళ్ళు లేచిన సీను నిలుస్తుంది, లేవని సీనుకి కత్తెర. వదిన కూడా ఊరికే భయపడి ఊరుకునే రకం కాదు. అద్దాలు మార్చి చూపించే అలవాటు ఎక్కడికి పోతుంది? "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అంటూ ప్రతి సీనూ రెండు రకాలుగా వేయించేది. వాళ్ళకి టీలు పెట్టేది, షూటింగుకి దుకాణంలోని నిలువుటద్దం ఇచ్చి పంపేది. ఆ తర్వాత ఇంట్లో అన్ని లైట్లూ వేసుకుని పడుకునేది. దాంతో అన్నయ్యకి నిద్ర కరువు.

"అంత భయమైతే చూడటం ఎందుకే?" అని ఆయన విసుక్కుంటే, "మనం చూడకపోతే వాళ్ళవి ఇంకెవరు చూస్తారండీ, పాపం," అనేది.

ఆ పిల్లల్లో ఒకమ్మాయిని అందరూ టోపీ అంటారు. మండుటెండలో కూడా నెత్తిమీద ఊలుటోపీ తీయదు. కొత్తవాళ్ళ సినిమాలు ఏటా ఒక హాల్లో వేస్తారు. అక్కడ వేయడానికి ఎంపికైతే తర్వాతి సినిమా తీసుకోవడానికి కెమెరా వాళ్ళే ఇస్తారు. టోపీ సినిమాలు రెండుసార్లు వెనక్కి వచ్చాయి. మూడోది కూడా వస్తే ఇక సినిమా జోలికే పోనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు సంగతి నాకెలా తెలుసంటారా? మూడో సినిమాలో దయ్యం మా అమ్మాయే.

నేను ఊరుకుంటానా! చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. "హీరోయినా?" అని అడిగినవాళ్ళకి "అంతకన్నా ముఖ్యమైన పాత్ర" అని చెప్పాను.

సినిమా పంపడానికి ఆఖరి రోజు ఆదివారం. ఆ మధ్యాహ్నం వదిన కుర్చీలో కూర్చుంది. పక్కనే మా అమ్మాయి, వెనక స్టూలు మీద నేను. టోపీ గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటూ, తెర వైపు చూడకుండా వదిన పాదాలనే చూస్తోంది.

కథ చిన్నదే. ఒంటరిగా ఉండే ఒకావిడ మొహం కడుక్కోవడానికి కుళాయి తిప్పుతుంది. ఒక్క క్షణం ఆగి, ఎవరూ లేని పక్కగదిలో కూడా కుళాయి తిరుగుతుంది. ఈవిడ కట్టేస్తే అక్కడా ఆగుతుంది. మళ్ళీ తిప్పితే అక్కడా మళ్ళీ. చివరికి ఈవిడ తిప్పకుండానే అక్కడ నీళ్ళ చప్పుడు మొదలవుతుంది. ఈవిడ వెళ్ళి తలుపు తెరుస్తుంది. ఎదురుగా మొహం నిండా తెల్లపిండితో మా అమ్మాయి.

నాకు భయం వేయలేదు, గర్వంతో ఛాతీ పొంగింది. అయినా, పొద్దున్నే నిద్ర లేచినప్పుడు అది ఇంతకన్నా ఘోరంగా ఉంటుంది.

వదిన కాళ్ళు లేచాయి. "లేచాయి!" అని టోపీ అరిచి, ఆవిడని కావలించుకుని, ఫైలు పంపాలంటూ తన గదికి పరుగెత్తింది. మా అమ్మాయి కూడా వెంట పరుగెత్తింది.

నేను లైటు వేశాను. వదిన ఇంకా కుర్చీ మీద కాళ్ళు ముడుచుకునే ఉంది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"ఏంటి వదినా, ఈసారి చెప్పులతో సహా లేచాయి?"

ఆవిడ మొహం పాలిపోయింది. "చూశావా?"

"కళ్ళజోడు అమ్మింది నువ్వే కదా, కనబడకుండా ఎలా ఉంటుంది?"

"ఏం చెయ్యమంటావు చెప్పు! 'నేనెలా చేశానో నువ్వే చెప్పాలి అత్తయ్యా' అని నీ కూతురు పొద్దుటినుంచీ నా ప్రాణం తీస్తోంది. 'నిన్ను చూస్తే నవ్వొచ్చిందే' అని దానికి ఎలా చెప్పను?"

"నవ్వొచ్చిందా?" అన్నాను.

"కుళాయి దగ్గర నా మడమలు లేచాయమ్మాయ్, నిజంగా. తలుపు తెరవగానే, ఓస్ మన పిల్లే కదా అని దిగిపోయాయి. ఇప్పుడు ఆ టోపీ పిల్ల నా కాళ్ళని నమ్మి పంపేస్తోంది. మళ్ళీ వెనక్కి వస్తే? అసలు మానేస్తేనో?"

"పోనీలే వదినా, అక్కడ చూసేవాళ్ళకి మా అమ్మాయి తెలియదుగా, భయపడతారేమో," అన్నాను. తల్లి బుద్ధి. వదిన నా మాట విననే లేదు. టోపీకి ఫోన్ చేసింది, ఆపేసి ఉంది. మా అమ్మాయిది మోగుతుంటే నా సంచిలోనే దొరికింది. దుకాణానికి తాళం పడింది.

టోపీ గది అదే బిల్డింగులో, అన్నిటికన్నా పై అంతస్తులో. నా మోకాళ్ళకి అన్ని మెట్లు పడవు. ఒంటరిగా మెట్లెక్కడానికి వదినకి ధైర్యం లేదు. లిఫ్టు ముందు నిలబడి ఆవిడ నన్ను చూసింది, లిఫ్టుని చూసింది. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని లోపలికి అడుగుపెట్టింది. పైకి వెళ్ళేదాకా నా మణికట్టు పిసుకుతూ "పంపకు తల్లీ, పంపకు" అని గొణుగుతూనే ఉంది.

గదిలో కంప్యూటర్ మీద ఫైలు ఎంత వెళ్ళిందో చూపించే గీత నెమ్మదిగా నిండుతోంది. "ఆపమ్మా, ఆపు!" అని వదిన గుమ్మంలోంచే అరిచింది. టోపీ ఆపింది.

"నా కాళ్ళు లేవలేదమ్మా. నేనే లేపాను."

టోపీ నెత్తిమీది ఊలుటోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొదటిసారి దాని జుట్టు చూశాను. మా అమ్మాయి మాత్రం, "అంటే నేను బాలేదా అత్తయ్యా?" అంది. నేను కిటికీలోంచి రోడ్డు చూశాను.

వదినే కుర్చీ లాక్కుంది. "ఇందాకటిది చూశాం. ఇప్పుడు తలుపు తెరవకుండా ఒకసారి చూపించు."

టోపీ కంప్యూటర్ వైపు తిరిగింది. తలుపు పిడి మీద చెయ్యి పడిన చోట బొమ్మని కత్తిరించి, నల్లతెర మీద నీళ్ళ చప్పుడు మాత్రం ఉంచింది. వేసింది. చీకట్లో నీళ్ళు పడుతూనే ఉన్నాయి, పడుతూనే ఉన్నాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి.

టప్. టప్. ఒక చెప్పు బల్ల కిందికి పోయింది, ఒకటి నా కాలికి తగిలింది.

టోపీ వంగి, వట్టి పాదాలని కళ్ళారా చూసుకుని, పంపే మీట నొక్కింది. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు.

"ఇంతకీ పక్కగదిలో ఆ కుళాయి తిప్పిందెవరే?" అంది వదిన.

"నేనే. టోపీ సైగ చేసినప్పుడల్లా తిప్పేదాన్ని."

"ఓసి నీ దుంపతెగ! నా చెప్పులు ఊడగొట్టింది నువ్వేనన్నమాట!"

మా అమ్మాయి ముక్కు తుడుచుకుని నవ్వింది. నాకు కొంచెం ఆలస్యంగా నవ్వొచ్చింది.

సినిమా ఎంపికైంది. హాల్లో చుట్టాలు ఒక వరుస నిండా కూర్చుని, "మీ అమ్మాయేది?" అని నన్ను పొడుస్తున్నారు. "వినండి, ఆ కుళాయి మా అమ్మాయే," అన్నాను. టోపీ పక్కగోడకి ఆనుకుని, తెరకి వీపు పెట్టి, జనం కాళ్ళ వంకే చూస్తోంది.

వదిన పాదాలకి చెప్పులు లేవు.

"చెప్పులేవి?" అన్నాను చెవిలో.

"సంచిలో పెట్టేశా. ఇన్నిసార్లు చూశాను కదా, ఇవాళ భయం వెయ్యకపోతే? ఆ పిల్ల ఇటే చూస్తోంది."

నల్లతెర మీద నీళ్ళ చప్పుడు మొదలైంది. ఆగింది. ముందు వరుసలో ఎవరిదో చెప్పు టప్పున పడింది. వదిన నా మణికట్టు పట్టుకుంది.